తోటలో వదిలేసిన అన్నం

మా మేనత్త పోయిందని తణుకు నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. తెల్లవారుజామున నిద్రలోనే పోయిందనీ, ఏ బాధా పడలేదనీ చెప్పాడు. నేను ఇవతల ఏడుపు దిగమింగుకుంటుంటే, వాడు అవతల ఒక నిట్టూర్పు విడిచి, "పోన్లేవే, కార్తీక మాసంలో ఇకనైనా ఆ తోటలోకి నలుగురూ వస్తారు," అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. మేనత్త కోసం ఏడవాల్సిన రోజంతా కోపంతో ఊగిపోయాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాస్తున్నాను, తగ్గాక రాస్తే ఆవిడని మంచిదాన్ని చేసి రాస్తానేమోనని భయం. చచ్చిపోయిన వాళ్ళందరినీ మెత్తటి మనుషులుగా మార్చేస్తాం కదా మనం. మా మేనత్త మెత్తటి మనిషి కాదు.

కొవ్వూరు దాటి గోదావరి గట్టు వెంట కొంచెం దూరం వెళితే వాళ్ళ తోట. మామిడి, సపోటా, పనస, వాటి మధ్యలో గొడుగు పట్టినట్టు ఒక ఉసిరి చెట్టు. ఆ చెట్టే ఆవిడ ప్రాణానికి వచ్చింది. కార్తీకం వచ్చిందంటే వనభోజనాలకి ఊళ్ళన్నిటికీ ఉసిరి చెట్టు కావాలి. మా మావయ్యకి కాదనడం చేతకాదు. ఎవరొచ్చి అడిగినా "దానిదేముందండీ, మీ తోటే అనుకోండి" అనేవాడు. వచ్చినవాళ్ళు నిజంగానే అలా అనుకునేవారు. ఒక్క విషయంలో తప్ప. సొంత ఇంటి వాకిట్లో ఎంగిలాకులు ఎవరూ వదిలిపెట్టరు.

అత్తయ్య పొట్టిగా, గట్టిగా ఉండేది. కొంగు బొడ్లో దోపుకుని, నేల చూస్తూ నడిచేది. ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటోందేమో అనిపించేది చూసేవాళ్ళకి. నడుస్తూ నడుస్తూ కాలి వేళ్ళతో ఒక అరటి తొక్కనో, కొరికి పడేసిన జామకాయనో పట్టి పైకి లేపి, వంగకుండా చేత్తో అందుకునేది. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక అలవాటు చేసుకున్న విద్య అది. మాటలో మాత్రం ఒక విచిత్రం ఉండేది. మామూలుగా అందరినీ ఏమే, ఒరే అని పిలిచే మనిషి, కోపం పెరిగేకొద్దీ అండీలు పెంచేది. అత్తయ్య నోట వరసగా మూడు అండీలు వినపడితే మేం పిల్లలందరం పెరటి దారి పట్టేవాళ్ళం.

మా గోదావరి జిల్లాల మర్యాద ఎలాంటిదో చెప్పక్కర్లేదు. చెయ్యి అడ్డం పెట్టినా ఆ చేతి మీదే వడ్డించేస్తారు. విస్తట్లో సగం మిగిలితేనే పెట్టినవాళ్ళకి తృప్తి. అత్తయ్య ఇంట్లో అది కుదరదు. మొదట కొంచెమే వడ్డించేది. "కావాల్సినంత అడిగి వేయించుకోండి. సిగ్గుపడి ఆకలితో లేచినా మీదే తప్పు, మొహమాటానికి వేయించుకుని వదిలేసినా మీదే తప్పు" అని ముందే చెప్పేది. అందుకని బంధువుల్లో పీనాసి అన్న పేరు మోసింది. పొలం పనికి వచ్చినవాళ్ళు ఆవిడ చేతి అన్నం తినకుండా వెళ్ళిన రోజు నాకు తెలిసి లేదు. ఆ సంగతి మా బంధువుల చెవికి ఎక్కలేదు, ఎక్కినా లెక్కలోకి రాలేదు.

ఒకసారి అత్తయ్యతో కొవ్వూరులో పాసింజరెక్కి రాజమండ్రి వస్తున్నాను. రైలు బ్రిడ్జి మీదకి వచ్చింది. మా ఎదురుగా కిటికీ పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన ఇడ్లీ పొట్లం తింటున్నాడు. ఇక తినలేక, మిగిలిన ఇడ్లీలు చట్నీతో సహా ఆకులో మడిచి కిటికీలోంచి గోదాట్లోకి విసిరి, రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు.

"ఏవండీ, ఏంటండీ పడేశారు?" అంది అత్తయ్య.

"ఇడ్లీలండి. చేపలు తింటాయి కదండీ."

"చేపలు మీకు కబురు పెట్టాయాండీ?"

ఆయన నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది. "గోదారమ్మ తల్లికి సమర్పించానమ్మా," అన్నాడు.

"మీ ఇంట్లో మీ అమ్మగారికి కూడా కొరికి వదిలేసిన ఇడ్లీ పెడతారాండీ?"

ఆయన సంచీ తీసుకుని వేరే సీటు వెతుక్కున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "ఎందుకత్తయ్యా, ఎవరితోనో గొడవ" అన్నాను. "ఎవరో కాబట్టే అడిగానే. మనవాళ్ళయితే చెయ్యి చేసుకునేదాన్ని" అంది.

కాకికి పిండం పెట్టే రోజున కూడా ఆవిడ తీరు వేరే. మామగారి తద్దినానికి డాబా మీద ముద్ద పెట్టి, అందరిలాగా కిందకి దిగి వచ్చేది కాదు. కాకి వచ్చి తిని, గోడ మీద ముక్కు రాసుకుని ఎగిరిపోయేదాకా ఎండలో అక్కడే నిలబడేది. "పెట్టడం వేరే, వదిలెయ్యడం వేరేనే. పెట్టినవాడు తినేదాకా ఉంటాడు" అనేది.

ఇదంతా చాదస్తం అనుకునేదాన్ని నేను కూడా, మరియమ్మ గేదె చచ్చిపోయేదాకా.

మరియమ్మ అత్తయ్య వాళ్ళ తోట పనికి వచ్చేది. గట్టు మీద గుడిసె. ఆదివారం తెల్లచీర కట్టుకుని లూథరన్ చర్చికి వెళ్ళేది, మిగిలిన రోజులన్నీ తోటలోనో చేలోనో ఉండేది. భర్త పోయాడు. కూతురిని కాన్పుకి ఇంటికి తెచ్చుకుంది. ఆ ఇంటికి ఉన్న ఆధారం ఒక చూడి గేదె. తోట కంచె అవతల గడ్డిలో దాన్ని కట్టుకోమని అత్తయ్యే చెప్పింది.

తొంభైల చివర్లో, ఒక కార్తీక మాసంలో రాజమండ్రి నుంచి ఒక భక్త సమాజం వాళ్ళు వనభోజనాలకి తోట అడిగారు. బస్సులేసుకుని వచ్చే జనం. వాళ్ళకి పెద్ద ఒక రిటైరైన లెక్చరర్ గారు. అందరూ మాస్టారూ అంటారు. ముందురోజు ఏర్పాట్లు చూసుకోవడానికి వచ్చినప్పుడు అత్తయ్య ఆయన్ని తోట మూలకి తీసుకెళ్ళి, అప్పటికే తవ్వించి ఉంచిన పెద్ద గొయ్యి చూపించింది. "ఎంగిలాకులు, మిగిలిన అన్నం, కూరలు, అన్నీ ఇందులో వేసి మన్ను కప్పించండి. అంతే నేను అడిగేది" అంది. ఆయన రెండు చేతులూ జోడించి, "తప్పకుండానమ్మా" అన్నారు.

వనభోజనాల సోమవారం నాడు అత్తయ్య పాలకొల్లు క్షీరారామానికి దర్శనానికి వెళ్ళాల్సి వచ్చింది. మొక్కుందట. తోడుగా నన్ను తీసుకెళ్ళింది. తోట మావయ్యకి అప్పజెప్పింది. ఆ రాత్రి పాలకొల్లులో చుట్టాలింట్లో ఉండి మర్నాడు మధ్యాహ్నానికి తిరిగి వచ్చాం.

ఇంటికి వెళ్ళకుండా నేరుగా తోటలోకి నడిచింది. నేను సంచులు మోసుకుంటూ వెనక. మూలన ఉన్న గొయ్యి, తవ్వినరోజు ఎలా ఉందో అలాగే ఉంది. అందులో ఒక్క విస్తరాకు లేదు. కంచె దగ్గరికి వచ్చేసరికి వాసన కొట్టింది. కంచె అవతల అరిటాకుల గుట్ట. దాని పక్కన గుండిగ బోర్లించినట్టు తెల్లగా అన్నం కుప్ప, పులిహోర, పప్పు, చక్కెర పొంగలి. ఆ కుప్పలో సగం లేదు. పక్కనే మరియమ్మ గేదె పడుకుని ఉంది.

రోజూలాగే పొద్దున్నే దాన్ని అక్కడ వదిలి మరియమ్మ కోతలకి వెళ్ళింది. కంచె ఈ చివర గుట్ట ఉందని ఆవిడకి తెలియదు. వచ్చి చూసేసరికి గేదె పొట్ట ఎడమవైపు డోలులా ఉబ్బిపోయి ఉంది. లేపితే లేవడం లేదు. పళ్ళు కొరుకుతోంది. మూలుగుతోంది. మరియమ్మ దాని మెడ పట్టుకుని కూర్చుంది.

కొవ్వూరు నుంచి పశువుల డాక్టరు గారు మోటారు సైకిల్ మీద వచ్చారు. వంటసోడా నీళ్ళలో కలిపి తాగించారు, సూదులు పొడిచారు. "గడ్డి తినే కడుపమ్మా ఇది. ఇంత అన్నం ఒక్కసారి పడితే పులిసిపోయి విషమైపోతుంది. ప్రతి కార్తీకంలో నేను చూస్తున్న గొడవే" అన్నారు. తలా ఒక చెయ్యి వేసి దాన్ని నిలబెట్టబోయాం. నిలబడలేదు. మర్నాటి సాయంత్రానికి కళ్ళు లోపలికి పోయాయి. ఆ తర్వాతి పొద్దున చచ్చిపోయింది, కడుపులో దూడతో సహా.

అత్తయ్య మావయ్య వైపు తిరిగింది. "మీరు ఆరోజు ఎక్కడున్నారండీ?"

"చెప్పానే వాళ్ళకి. అలాగేనండి అన్నారు. భోంచేసి కాస్త నడుం వాల్చాను..."

"బాగా నిద్ర పట్టిందాండీ?"

అత్తయ్య మరియమ్మ చెయ్యి పట్టుకుని లేపింది. "పద, రాజమండ్రి వెళదాం" అంది. మరియమ్మ నేను వద్దంటానేమోనని నా వైపు చూసింది. నేనూ చెప్పులేసుకున్నాను.

మాస్టారి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వరండాలో కుర్చీలు వేసుకుని సమాజం వాళ్ళు కొందరు కూర్చుని ఉన్నారు. వనభోజనాల ఫోటోలు కడిగించి తెచ్చుకున్నట్టున్నారు, చేతులు మారుతున్నాయి. మమ్మల్ని చూసి మాస్టారు లేచి, "రండమ్మా, రండి. ఏర్పాట్లు చాలా బాగున్నాయి. అందరూ మీ తోటనే తలుచుకుంటున్నారు" అన్నారు.

అత్తయ్య కూర్చోలేదు. "మీరు గొయ్యిలో వేస్తామన్న అన్నం కంచె అవతల పోశారండీ. అది తిని ఈవిడ గేదె చచ్చిపోయిందండీ" అంది.

వరండాలో ఫోటోలు ఆగిపోయాయి. మాస్టారు మెల్లగా, పాఠం చెప్పేవాళ్ళ గొంతుతో అన్నారు: "అయ్యయ్యో. కానీ అమ్మా, మేం పోసింది అన్నమేగా, విషం కాదుగా. ప్లాస్టిక్కు ముక్క కూడా వాడలేదు మేం. అన్నీ అరిటాకులే. మట్టిలో కలిసిపోయేవే."

"మట్టిలో కలిసేలోగా ఎవరి కడుపులో కలిశాయో చూద్దురుగాని రండి. ఇంకా పూడ్చలేదు."

"మూగజీవాలు తింటాయి, పుణ్యం కదా అని మా వంటవాళ్ళు..."

"పుణ్యం కావాలంటే పెట్టండి మాస్టారండీ. మీరు పెట్టలేదు. వదిలేసి బస్సెక్కారు. గొయ్యి దాకా నడవడానికి బద్ధకమై వదిలేసి, దానికి పుణ్యమని పేరెట్టారు."

ఒకాయన కుర్చీలోంచే, "పశువన్నాక ఏదో ఒకటి తింటుంది, చస్తుంది. దాని ఆయుష్షు అంతే అనుకోవాలి. ఇంత దూరం వచ్చి పెద్దమనిషిని నిలదియ్యడం ఏం పద్ధతి?" అన్నాడు.

అప్పుడు మరియమ్మ మొదటిసారి నోరు తెరిచింది. "అది సూడిదండి బాబూ. కిస్మస్ దాటాక ఈనేదండి. మా అమ్మాయికి కాన్పయ్యేసరికి పాలుంటాయనుకున్నానండి." అంతే అంది. గొంతు కూడా పెంచలేదు. ఆ కుర్చీలాయన ఫోటో వైపు చూడడం మొదలుపెట్టాడు.

మాస్టారు, "ఈసారి కమిటీలో చర్చకి పెడతానమ్మా" అన్నారు.

"మీ చర్చల కోసం నేను రాలేదండీ" అంది అత్తయ్య. "ఎవరో చంపారు, ఎలాగో చచ్చింది అని ఈవిడ అనుకోకూడదండీ. ఎవరు చంపారో మొహం చూపిద్దామని తీసుకొచ్చానండీ. చూసింది కదండీ. ఇక వెళతామండీ."

తిరుగు రైల్లో బ్రిడ్జి మీద ఎవరో నీళ్ళలోకి ఏదో విసిరారు. అత్తయ్య కనీసం అటు తల తిప్పలేదు. ఆవిడ అలా ఊరుకోవడం చూసి నాకు భయమేసింది.

ఆ సాయంత్రమే తన కొట్టంలో ఉన్న గేదె పడ్డని విప్పి, తాడు మరియమ్మ చేతికిచ్చింది. మావయ్య ఏదో అనబోయాడు. "నిద్రొస్తోందాండీ?" అంది.

మరుసటి కార్తీకం నుంచి తోట తలుపు మూసేసింది. అడగడానికి వచ్చినవాళ్ళతో తనే మాట్లాడేది. మావయ్యని ముందుకి రానిచ్చేది కాదు. ఇక చూడండి, ఊరి నోరు. కార్తీకంలో ఉసిరి చెట్టుకి తాళం వేసిందన్నారు. వనభోజనం చెడగొట్టిన పాపం ఊరికే పోదన్నారు. అన్నమంటే అసహ్యమున్న మనిషన్నారు. మా నాన్న కూడా తణుకు నుంచి పనిగట్టుకుని వెళ్ళి, "ఒక గేదె కోసం ఇంతమందితో పగా?" అని కేకలేశాడు. "నీ గేదె చస్తే అప్పుడు చెప్పన్నయ్యా" అంది. ఆయన కాఫీ తాగకుండా లేచి వచ్చేశాడు. గేదెని చంపినవాళ్ళకి ఆ తర్వాత సన్మానాలు జరిగాయి. చంపారన్నందుకు ఆవిడని పెళ్ళిళ్ళకి పిలవడం మానేశారు.

ఆవిడ కోపం ప్రతిసారీ న్యాయంగా ఉండేదని నేను అనను. టీచరుగా చేరిన కొత్తలో మా స్కూలు పిల్లల్ని ఆ తోటకి తీసుకెళ్ళాను. నా మీద నమ్మకంతో తలుపు తీసింది. తిండి తిని పిల్లలు ఆకులన్నీ గోతిలో వేస్తున్నారు. రెండో తరగతి పిల్ల ఒకతె జంతిక ముక్క చెట్టు మొదట్లో పెట్టడం అత్తయ్య కంటపడింది. "ఏవండీ, చిన్నమ్మాయిగారండీ!" అని ఉరిమింది. ఆ పిల్ల బావురుమంది. "చీమలకి పెట్టానండీ" అని వెక్కిళ్ళ మధ్య చెప్పింది.

అత్తయ్య మొహం చూడాలి అప్పుడు. కాసేపు అటూ ఇటూ చూసి, మోకాళ్ళు పట్టుకుంటూ మెల్లగా ఆ పిల్ల పక్కన చతికిలబడింది. "చీమలకా? చీమలకైతే సరే. వస్తున్నాయేమో చూద్దాం" అంది. మిగతా పిల్లలు ఆడుకుంటుంటే ఆ ఇద్దరూ చీమలు ఆ ముక్కని కొంచెం కొంచెంగా మోసుకుపోయేదాకా అక్కడే కూర్చున్నారు. క్షమించమని మాత్రం అడగలేదు. అది ఆవిడకి రాదు.

తోట మూసేస్తే వనభోజనాలు ఆగిపోతాయా? పక్క తోటాయన కూడా ఒక ఉసిరి మొక్క పెంచాడు. అది కాస్త నీడ ఇచ్చేసరికి బస్సులు అటు తిరిగాయి. అత్తయ్య వెళ్ళి ఆయనకి గేదె సంగతంతా చెప్పింది. "నా తోట, నా ఇష్టం అక్కయ్యగారూ" అన్నాడట.

పోయినేడు కార్తీకంలో ఒక సోమవారం స్కూలు అయ్యాక కొవ్వూరు వెళ్ళాను. అప్పుడే ఆవిడని చివరిసారి చూడడం. ఇంట్లో మావయ్య ఒక్కడే ఉన్నాడు. "పక్క తోటలో ఉంది, వెళ్ళు. నా మాట వినదు" అన్నాడు.

బస్సులు వెళ్ళిపోయి ఎంతోసేపు కాలేదు. దుమ్ము ఇంకా అణగలేదు. అరిటాకులకి తోడు ఇప్పుడు థర్మోకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు. వాటి మధ్యలో అత్తయ్య పార పట్టుకుని గొయ్యి తవ్వుతోంది. రెండు దెబ్బలు వేసి ఆగి, నడుం మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుని, మళ్ళీ రెండు దెబ్బలు. పక్కన తట్ట. తట్టలో చేతులతో ఎత్తిన అన్నం. ఆ తోటాయన మంచం మీద కూర్చుని బీడీ కాల్చుకుంటూ చూస్తున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీదా, బస్సులెక్కి పోయినవాళ్ళ మీదా, అందరికంటే ఎక్కువగా ఆవిడ మీద.

"ఏంటత్తయ్యా ఇది? వాళ్ళ ఎంగిలి నువ్వెత్తడమేంటి? ఈ తోట నీదా? వదిలేసి రా. కంపు కొడితే ఈయనకే బుద్ధొస్తుంది. నువ్విలా ఎత్తుతున్నంతకాలం వాళ్ళు మారరు."

"మారరు" అంది పార ఆపకుండా.

"మరి?"

గట్టు వైపు చూపించింది. పొద్దు వాలుతోంది. గేదెలు ఇళ్ళకి పోతున్నాయి, ఒకదాని వెనక ఒకటి, తోకలు ఊపుకుంటూ.

"తెల్లారగానే వీటిని ఇటే తోలుకొస్తారే. వాళ్ళకి బుద్ధొచ్చేదాకా ఇవి ఆగుతాయా?"

నేను చెప్పులు పక్కన విడిచి ఆవిడ చేతిలో పార తీసుకున్నాను. గొయ్యి నేను తవ్వాను, అన్నం ఆవిడ ఎత్తింది. ఎత్తుతున్నంతసేపూ తిట్టింది. ఎవరెవరో తెలియదు కాబట్టి విస్తళ్ళని బట్టి తిట్టింది. బూరె కొరికి వదిలినవాడిని, వంకాయ ముట్టుకోకుండా లేచిపోయినవాడిని, పెరుగన్నంలో గ్లాసు దోపి పోయినవాడిని, ఒక్కొక్కడినీ విడివిడిగా, అండీలు లేకుండా, తోటాయనకి వినపడేలా తిట్టింది. ఆయన బీడీ ఆర్పేసి మంచం అటు తిప్పుకున్నాడు. ప్లేట్లూ గ్లాసులూ గోనెసంచీలోకి వేరు చేశాం. మన్ను కప్పాం. ఇద్దరం దాని మీదకెక్కి తొక్కడం మొదలుపెట్టాం.

"వచ్చే సోమవారం కూడా వస్తానత్తయ్యా" అన్నాను.

"వద్దువుగానిలే," అంది రొప్పుతూ. "ముందు గట్టిగా తొక్కు. గేదె ముట్టె పెట్టి కెలికినా పైకి రాకూడదు."